అంచుదాకా కుట్టిన నాలుగు ముక్కలు

మా పెద్దక్క పీరమ్మకు నిద్రలో తప్ప తక్కిన వేళలన్నిటిలోనూ కోపమే. చెల్లెల్ని కాబట్టి చాడీలు చెబుతున్నాననుకోకండి. ఆ రోజుల్లో ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఏ పల్లెలో అడిగినా ఇదే మాట చెప్పేవాళ్ళు. దూదేకుల పీరమ్మ వీధిలోకి వస్తోందంటే ఇల్లాళ్ళు పాత పరుపుల్ని ముందే దులిపి పెట్టుకునేవాళ్ళు. దులపకుండా తెచ్చినవాళ్ళకు పరుపు సంగతి తర్వాత, ముందు తిట్లు దక్కేవి. నాకూ కోపం తక్కువేమీ కాదు. మా ముగ్గురు అక్కచెల్లెళ్ళకూ అది అమ్మ పాలతోనే వచ్చింది. కాకపోతే నాది అరిచి ఊరుకునే కోపం. ఆమెది అంతటితో ఊరుకునేది కాదు.

మా బావ ఇమామయ్యకు దూది దుమ్ము రొమ్ములోకి పోయి ఉబ్బసం పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. దూది ఏకే విల్లు గోడకు తగిలించి కూర్చున్నాడు. అప్పుడు మా అక్క ఆ విల్లు భుజాన వేసుకుని ఊళ్ళ మీదికి బయలుదేరింది. మాలో ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని పరుపులూ బొంతలూ కుడతారు గానీ, విల్లు పట్టుకుని వీధులు తిరగరు. మా వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఒక పెద్దమనిషి ఇంటికే వచ్చి, "ఏమ్మే పీరమ్మా, మొగోని పని ఆడది చేస్తే మనోళ్ళకు తలవంపులు కదా" అన్నాడు. అక్క విల్లు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడేసింది.

"ఈ పొద్దునుంచి నువ్వే ఏకు. సాయంత్రానికి రెండు సేర్ల జొన్నలు నా ఇంట్లో పొయ్యి. పోస్తావా? పొయ్యవు కదా? అట్లయితే నీ తలవంపులు నువ్వే పెట్టుకో" అంది.

ఆయన మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇంకొకసారి నాగలక్ష్మమ్మ అనే రైతు ఇల్లాలు, తానిచ్చిన దూదిలో కొంత కాజేసి పరుపు కుట్టిందని నలుగురిలో అనింది. మా అక్క కుట్టిన పరుపును నడివీధిలో పరిచి, కొడవలితో ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చి, దూదినంతా తక్కెడలో వేయించింది. ఇచ్చినంతా ఉంది. మళ్ళీ అక్కడే ఎండలో కూర్చుని పరుపు కుట్టి ఇచ్చింది. కూలి ఇస్తే తోసేసింది. "నన్ను దొంగ అన్న నోటితోనే కాదని అను. అదే నా కూలి" అంది. నాగలక్ష్మమ్మ ఆ మాట అనేదాకా వాకిట్లోనుంచి కదల్లేదు. తిట్టినా పడుతుంది, కొట్టినా పడుతుందేమో గానీ, దొంగ అంటే మాత్రం మా అక్క పడదు.

ఇప్పుడు బొంత సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. తల్లి పోయిన ఏడాదికి ఫాతెహా చదివించే నాటికి, ఆమె కట్టి విడిచిన కోకలతో కూతుళ్ళు బొంత కుట్టాలి. ఊళ్ళో తక్కినవాళ్ళు బొంతను నేలమీద పరిచి, నలుగురు చుట్టూ కూర్చుని కుడతారు. తల్లి బొంతను మేము అట్లా కుట్టం. కూతుళ్ళు తలొక ఊళ్ళో ఉంటారు, అందరూ ఒక చాప మీద కూర్చునే తీరిక ఎక్కడిది? అందుకని కోకలు పంచుకుని, ఎవరి వంతు ముక్కలు వాళ్ళింట్లోనే పూర్తిగా కుట్టుకుని తెస్తారు. ఒక్కో ముక్క మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. పైన తల్లి కోక. లోపల మడతలు మడతలుగా తల్లి కోకే. అడుగున ఏదో ఒక పాత గుడ్డ. అన్నీ కలిపి దగ్గర దగ్గరగా కుట్టు వేస్తే ముక్క తయారు. చుట్టూ మాత్రం రెండు వేళ్ళ మేర కుట్టకుండా వదలాలి. ఆ వదులు ఉంటేనే పక్క ముక్కతో పైగుడ్డకు పైగుడ్డ, మడతకు మడత, అడుగుకు అడుగు అందించి కలపవచ్చు. కలిపే పని పెద్దకూతురిది.

ఫాతెహా నాడు బొంతను పరిచి కూతుళ్ళను దాని కొసన కూర్చోబెడతారు, ఇంటి పెద్దామె ముక్క ముక్కా తడిమి చూస్తుంది. తర్వాత కూతుళ్ళు దానిమీదే ఒకే తబుకులో, అంటే ఒకే పళ్ళెంలో, తింటారు. ముక్క లేని కూతురు దానిమీద కూర్చోకూడదు. తల్లి కోక పెట్టకుండా మోసం చేసినదానికీ అంతే. దానికి పుట్టింటి పొత్తు తెగినట్టే. మంచికీ చెడ్డకూ పిలవరు, ఆ వాకిట్లో ఒక పూట కూడు పెట్టరు. ఇదేం పాడు ఆచారమని నేను అప్పుడూ తిట్టాను, ఇప్పుడూ తిడుతున్నాను.

మాకు అన్నదమ్ములు లేరు. పెద్దక్కను ఊళ్ళోనే మేనమామ కొడుక్కు, అంటే ఇమామయ్య బావకు ఇచ్చారు. నన్ను ముద్దనూరుకు ఇచ్చారు. నడిపక్క దస్తగిరమ్మను చాగలమర్రి అవతల ఒక పల్లెకు, ఫక్కీరప్ప అనేవాడికి ఇచ్చారు. అమ్మ పెద్దక్క ఇంటి పక్కనే ఒంటి గదిలో ఉండేది.

కరువు వచ్చింది. యాభైరెండులో మా ఊరి బయట గంజి పోస్తే అమ్మ ముంత పట్టుకుని వరసలో నిలబడింది. తినేదానికి లేనప్పుడు పరుపులు ఎవరు కుట్టించుకుంటారు? అక్క ఇంట్లో ఒక పొద్దు పొయ్యి రాజితే ఇంకో పొద్దు రాజేది కాదు. మరుసటేడు కర్నూలు రాజధాని అయింది. కచేరీలు డేరాల్లో పెట్టారని, ఫక్కీరప్ప అక్కడికి వెళ్ళి ఆఫీసర్లకు పరుపులూ దిండ్లూ కుడుతూ రెండు చేతులా సంపాదిస్తున్నాడని గాజుల ఖాసిం సాహెబ్ కబురు తెచ్చాడు. "నడిపిదాని ఇంట్లో నాలుగు నెలలు ఉండి వస్తా మే, నీకొక నోరు తగ్గుతాది" అని అమ్మ మూట కట్టుకుని వెళ్ళింది.

అయిదో నాటికి తిరిగొచ్చింది. మనిషి ఇంకా చిక్కిపోయి వచ్చింది.

"ఏం మా, అప్పుడే వచ్చినావు?" అని పెద్దక్క అడిగింది.

"నీళ్ళు పడలా."

"నీళ్ళు పడలేదా, నీ కూతురికి నువ్వు పడలేదా?"

అమ్మ మూట ఎత్తుకుని తన గదిలోకి పోయింది. ఆ నాటినుంచి ఎవరైనా నడిపక్క పేరు ఎత్తితే చాలు, పెద్దక్క చేతిలో కుండా చట్టీ చప్పుడయ్యేవి. కన్నతల్లిని నాలుగు దినాలు పెట్టుకోలేకపోయింది, దాని మొగుడు సంపాదించేది ఎవరి పాడెకు అని అరిచేది. రెండు నెలలకు అమ్మ జ్వరంతో పోయింది. పోయే ముందు, "నేరేడు రంగు కోక నడిపిదానికియ్యండి" అంది. అమ్మకు ఉన్నవే మూడు కోకలు. అందులో నేరేడు రంగుదొక్కటే గట్టిది, తక్కిన రెండూ పట్టుకుంటే చిరిగేవి. అది విని పెద్దక్క కడుపు ఇంకా మండింది. నడిపక్క మట్టికి వచ్చి, ఏడ్చి, మూడోనాటి జియారత్ కాగానే బయలుదేరింది. పెద్దక్క దానితో ఒక్క మాట మాట్లాడలేదు. నేరేడు కోకను మాత్రం దాని ఒళ్ళోకి విసిరేసింది.

ఏడాది తిరిగింది. ఫాతెహా ఇంకా అయిదు నాళ్ళుందనగా నేను నా నాలుగు ముక్కలు తీసుకుని పెద్దక్క ఇంటికి వచ్చాను. ఆమెవి నాలుగు అప్పటికే అయిపోయాయి. ఆ పొద్దే ఖాసిం సాహెబ్ గాజుల మలారంతో పాటు నడిపక్క పంపిన మూట తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. పెద్దక్క మూట విప్పి, ఒక ముక్క చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఇంకోటి తీసుకుని చూసింది. నాలుగూ చూసింది.

"వదులు యాడ?" అంది.

నేనూ చూశాను. వదులు లేదు. నాలుగు ముక్కలకూ నాలుగు పక్కలా, పోగు కూడా విడవకుండా, అంచుదాకా కుట్టి పెట్టింది. అంచును మళ్ళీ మడిచి దానిమీద ఇంకో వరస కుట్టింది.

"దీనికి వదులు పెట్టల్లని తెలీదా? అమ్మ ఒళ్ళో కూసోని నేర్చుకున్యాది కదా! ఇది కావాల్నని చేసిన పని. నీ బొంతలో నా ముక్క కలిస్తే ఎంత, కలవకుంటే ఎంత అని నా మొకానికే కుట్టి పంపింది!"

"కోపం చేసుకోవద్దు మే, మర్చిపోయిందేమో" అన్నాడు మంచంలోనుంచి ఇమామయ్య బావ.

"నువ్వు గమ్మునుండు!"

అక్క కొడవలి తెచ్చింది. అంచు విప్పి వదులు తీద్దామని ఒక పక్క కుట్టు తెంచింది. లోపల వేలు పెట్టి మడత లాగింది. బయటికి వచ్చింది గోనెపట్ట. ఇంకా లాగింది. గోనెపట్టే. పైన ఒక్క పొర నేరేడు కోక, అడుగున ఏదో పాత తలగుడ్డ, నడుమ అంతా చింపిన గోనెసంచి.

 పెద్దక్క అరిచిన అరుపుకు పక్కింటి మేకలు కూడా బెదిరాయి.

"అమ్ముకున్యాది! అమ్మ కోకను అమ్ముకోని తిన్యాది! పైకి కనపడేదానికి నాలుగు తునకలు కత్తిరించి, మిగిలిందంతా అమ్ముకున్యాది. కర్నూలు సంపాదన సాల్లేదా దీనికి? సచ్చినోళ్ళ కోక కావాల్సొచ్చిందా?"

నాకూ ఒళ్ళు మండింది. "దాని ముక్కలు కలపొద్దక్కా. ఎనిమిదితోనే బొంత చెయ్యి" అన్నాను. అన్నాను, దాచడమెందుకు? పుట్టింటి పొత్తు తెగ్గొట్టమని అక్కకు సలహా చెప్పింది నేనే.

"ఊరికే తీసేస్తే దానికేం సిగ్గు? దాని ఊర్లో, దాని వాకిట్లో, నలుగురూ సూస్తాండగా ఇవి దాని మొకాన కొట్టి చెప్పి వస్తా. నువ్వూ రా" అంది.

మా అత్త సైదమ్మ, అంటే ఇమామయ్య బావ తల్లి, అప్పుడు ప్రొద్దుటూరులో కూతురింట్లో ఉంది. అమ్మ తర్వాత మా పుట్టింటికి పెద్దామె ఆవిడే. ఆవిడ ఉండి ఉంటే ఆ గోనెపట్ట అప్పుడే చూసేది, కథ అక్కడికే అయిపోయేది.

మరునాడు తెల్లవారగానే బయలుదేరాం. మూడు బస్సులు మారాము. మైదుకూరులో ఎక్కిన బస్సులో కండక్టరు మూట పైన వేయమన్నాడు. "ఇది నా తల్లి. నీ తల్లిని పైన ఎక్కిస్తావా?" అని అక్క కసిరితే వాడు టిక్కెట్టు కూడా దూరం నుంచే ఇచ్చాడు. దారంతా ఆమె ఏమేమి తిట్టాలో లోలోపల వరస పెట్టుకుంటోందని ఆ పెదవులు చూస్తేనే తెలుస్తోంది. చాగలమర్రిలో దిగి, నల్లరేగడి చేలగట్ల వెంబడి రెండు మైళ్ళు నడిచాం. నా కాలికి ముల్లు గుచ్చుకున్నా ఆమె ఆగలేదు.

ఊళ్ళోకి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. నడిపక్క ఇంటి తలుపు మూసి ఉంది. పెద్దక్క వాకిట్లో నిలబడి గొంతెత్తింది.

"ఏమ్మే దస్తగిరీ! బయటికి రా! అమ్మ కోక యాడ అమ్ముకున్యావు? ఎంతకు అమ్ముకున్యావు? ఊర్లో అందరూ ఇనేటట్టు చెప్పు!"

ఇళ్ళలోనుంచి ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. అరుగు మీద పడుకున్న మగవాళ్ళు లేచి కూర్చున్నారు. అక్క నాలుగు ముక్కల్నీ గడప మీద విసిరేసింది. అంచు విప్పిన ముక్కలోనుంచి గోనె బయటికి పడింది.

తలుపు జానెడు తెరుచుకుంది. మనిషి కనబడలేదు. "లోపలికి రాక్కా. నీకు దండం పెడతా, లోపలికి రా" అని గొంతు మాత్రం వినబడింది.

"నేనెందుకొస్తా? నువ్వే బయటికి రా! తల్లిని తరిమినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

పక్కింటి ముసలామె ముందుకొచ్చి, "ఆ బిడ్డ పగలు బయటికి రాదు లేమ్మా. మీరే లోపలికి పోండి" అంది.

ఎందుకు రాదు అని కూడా అడక్కుండా పెద్దక్క తలుపు తోసుకుని లోపలికి పోయింది. నేనూ వెనకాలే పోయాను. వెలుతుర్లోనుంచి చీకట్లోకి వచ్చినందువల్ల కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత కనబడింది. నడిపక్క అవతలి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఒంటిమీద నేరేడు రంగు కోక.

అమ్మ కోక. దాని చివర రెండు మూరలు కత్తిరించి ఉంది. నడిపక్క పైట తలమీదికి లాక్కోవాలని చూసింది. గుడ్డ భుజం దాకా కూడా సరిగ్గా రాలేదు. రొమ్ముకు అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడింది. మా ఇంట్లో అందరికంటే పొడుగ్గా, దిట్టంగా ఉండే మనిషి. మెడ ఎముకలు లెక్కపెట్టవచ్చు.

"సూసినావు కదా. అమ్ముకోలేదు, కట్టుకున్యా. ఇంగేం కావల్ల నీకు? ఇప్పియ్యల్లనా? ఇప్పిస్తా, ఎత్తకపో! ఎత్తకపోయి నీ బొంతలో కుట్టుకో!" అంది నడిపక్క. చెప్పాను కదా, మా ముగ్గురికీ ఒకే కోపం. ఆమె చేతులు కోక ముడి మీదికి పోయాయి కూడా. నేను పరిగెత్తి పట్టుకున్నాను.

పెద్దక్కకు మాట రాక నిలబడడం నేను ఆ ఒక్కసారే చూశాను. చాలాసేపటికి, "నీ మొగుడు?" అంది.

"కర్నూలుకు పోయినోడు పోయినట్టే. ఆడ ఇంకోదాన్ని పెట్టుకున్యాడు. ఒక కబురు ల్యా, ఒక కాసు ల్యా. ఇంట్లో ఉండేది రెండు కోకలు. ఇంగోటి కట్టుకోని బిడ్డ కలుపుకు పోయింది. అది వచ్చినాక సీకటి పడితే నేను నీళ్ళకు పోతా."

"అమ్మకు తెల్సునా?"

"వచ్చిన పొద్దే తెలిసింది. నాలుగు దినాలు నేను కూలికి పోతే, నా బిడ్డలకు పెట్టి తను నీళ్ళు తాగి పండుకున్యాది. అయిదో పొద్దు, ఇంగ నేనుంటే మీకు ఆ గుక్కెడు గంజి కూడా ఉండదని లేచి పోయింది. ఎవురికీ చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకున్యా."

గట్టి కోక నడిపిదానికియ్యమని అమ్మ ఎందుకు చెప్పి పోయిందో నాకు అప్పుడు అర్థమయింది. అది బొంతకు కాదు, ఒంటికి ఇచ్చింది. పెద్దక్క ముఖం చూస్తే ఆమెకూ అర్థమయిందని తెలిసింది.

"నాకెందుకు చెప్పల్యా? తోడబుట్టిందాన్ని, నాకెందుకు చెప్పల్యా?"

"నీకా?" నడిపక్క నవ్వింది. ఆ నవ్వు కంటే తిట్టినా బాగుండేది. "నీకు చెప్తే ఏమయితాది? ఊర్లకంతా ఇనపడేటట్టు అరుస్తావు. ఇప్పుడు అరిసినావు సూడు, అట్ల. ఇన్నాళ్ళూ నా మొగుడు పరువుగా కర్నూల్లో ఉండాడని ఊరోళ్ళకు చెప్పుకుంటాంటి. బువ్వ లేదనేది ఎవురికీ తెలీదు. ఇప్పుడు తలుపు తెరిసి అందరికీ సూపిచ్చినావు. సల్లగుండు."

వాకిట్లో జనం ఇంకా ఉన్నారు. తలుపు బార్లా తెరిచి ఉంది, తెరిచింది పెద్దక్కే. ఆమె గిరుక్కున తిరిగి బయటికి వెళ్ళింది.

"ఏం సూస్తాండారు? మీ ఇండ్లల్లో ఆడోళ్ళు లేరా? పోండి! నాదే తప్పు, నా కండ్లు నెత్తికెక్కినాయి, అది ఏమీ అమ్ముకోలేదు. ఇన్యారు కదా? ఇంగ పోండి!"

వాళ్ళు పోయేదాకా నిలబడింది. గడప మీది నాలుగు ముక్కల్నీ ఏరి, దుమ్ము దులిపి, ఒళ్ళో పెట్టుకుంది. తలుపు వేసి, నా బట్టల మూట లాక్కుని విప్పింది. అందులో నా ఎర్రంచు కోక ఉంది. మూడు మార్లు కూడా కట్టలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు! తీసి నడిపక్క చేతిలో పెట్టింది. నడిపక్క దాన్ని విసిరికొట్టింది.

"నాకు బిచ్చమొద్దు."

"బిచ్చం కాదు మే. ఫాతెహాకు కట్టుకోని రా. ఆ పొద్దు నీ ఒంటిమీద నేరేడు కోక కనపడితే నీకు ఆ బొంత మీద సోటుండదు. రాకుంటే నేను మళ్ళా వస్తా. వచ్చి జుట్టు పట్టుకోని ఈడ్సకపోతా. పుట్టింటికి నువ్వు ల్యాకుండా పోతావా? నేనుండంగా పోతావా?" అని కోకను తిరగలి మీద పెట్టి బయటికి వచ్చేసింది. నా చేతి సంచిలో ఉన్న కొర్రలు కూడా అక్కడే గుమ్మరించి వచ్చింది. అవి నేను ముద్దనూరు నుంచి పెద్దక్క కోసమే తెచ్చినవి, హడావిడిలో సంచిలోనే ఉండిపోయాయి.

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చుంది. మైదుకూరు దగ్గరపడుతుంటే, "అమ్మ నీళ్ళు పడలా అన్యాది. నేనేమన్యా?" అంది.  ఆమెకు తెలియకనా?

ఇంటికి వచ్చేసరికి ఫాతెహాకు మూడు నాళ్ళు. ఆ ముక్కల్లో గోనె తీసేసి మన పాత గుడ్డలు పెడదామన్నాను నేను. అక్క ఒక ముక్కలో నడిమి కుట్టు ఒక వరస తెంచి చూసింది. గోనె ఒరిపిడికి నేరేడు గుడ్డ సూది పడ్డచోటల్లా చిరుగుతోంది. నాలుగూ విప్పితే చేతికి పీలికలు వస్తాయి తప్ప ముక్కలు మిగలవు. పైకి కనబడే అమ్మ కోక కూడా పోతుంది.

"ఇప్పేది లేదు" అంది. "గోనెలో సూది దించడమంటే ఏందో నాకు తెలుసు. దాని వేళ్ళు ఎట్ల పుండ్లయినాయో నువ్వు సూడలా?"

విప్పకుండా, వదులు లేకుండా కలపడం ఎట్లా? తన వంతుకు వచ్చిన అమ్మ పచ్చ కోకలో మిగిలిన గుడ్డను మూడు వేళ్ళ వెడల్పు పట్టీలుగా చింపింది. రెండు ముక్కల అంచులు ఒకదానికొకటి ఆనించి పెట్టి, పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ వేసి, ఆ గోనె మీదుగానే సూది దించి కుట్టింది. తెంచిన అంచునూ తెంచిన వరసనూ మళ్ళీ కుట్టి మూసింది. రెండు సూదులు విరిగాయి. ప్రతి కుట్టుకూ ఒక తిట్టు. ఫక్కీరప్పను తిట్టింది, కర్నూలును తిట్టింది, కబురు మోసిన ఖాసిం సాహెబ్‌ను తిట్టింది, కరువును తిట్టింది, మాట దాచి పోయిన అమ్మను తిట్టింది. అన్నిటికంటే ఎక్కువగా తనను తాను తిట్టుకుంది. మూడో నాటికి పన్నెండు ముక్కలూ ఒక బొంత అయ్యాయి.

ఫాతెహా నాడు నడిపక్క వచ్చింది. నా ఎర్రంచు కోక కట్టుకుని, తలమీద నిండుగా పైట వేసుకుని వచ్చింది. పెద్దక్క ఆమెను పలకరించలేదు. కాళ్ళకు నీళ్ళు మాత్రం చెంబుతో తెచ్చి పెట్టింది. చదివింపులు అయినాయి. చుట్టాలంతా చూస్తుండగా బొంతను పరిచారు, మేము ముగ్గురం దాని కొసన కూర్చున్నాం. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మా సైదమ్మత్తకు కళ్ళు సరిగ్గా కనబడవు గానీ, ఆ వేళ్ళు దూదిలో పుట్టి దూదిలో పెరిగిన వేళ్ళు. ఒంగి ముక్క ముక్కా తడుముతూ వచ్చింది. నావి తడిమింది, పెద్దక్కవి తడిమింది. నేరేడు ముక్క మీద చెయ్యి ఆగింది. అదిమి చూసింది. పక్కదాని మీద వేసి అదిమింది. నాలుగూ అదిమింది.

"ఇది గోనె. అమ్మ బొంతలో గోనె ఎవురు పెట్టినారు? నేరేడు కోక నడిపిదానిది కదా? ఏమ్మే దస్తగిరీ, నీ తల్లి కోక యాడ?"

చావిడిలో చుట్టాలంతా నడిపక్క వైపు తిరిగారు. నడిపక్క పెదవులు కదిలాయి.

"దాన్నేం అడుగుతావత్తా? నన్నడుగు" అంది పెద్దక్క. గొంతు ఎప్పటిలాగే గట్టిగా ఉంది. "అది కోక పెట్టే కుట్టి పంపింది. వదులు పెట్టల్యా, అందుకని నేనే ఇప్పినా. లోపలి కోక గట్టిగా కనపడింది. తీసేసి గోనె పెట్టి, పట్టీలేసి మూసినా. కావాలంటే సూడు, మళ్ళా కుట్టిన సోటు తెలుస్తాది."

అత్త వేళ్ళు ఆ చోటు వెతికి పట్టుకున్నాయి. "కోకను ఏం చేసినావు?"

"అమ్ముకున్యా."

"నువ్వా?" అత్త నడుం ఎత్తి ఆమె వైపు తిరిగింది. నా కోడలు నోటిదురుసుదే గానీ చెయ్యి మంచిదని పదిమందిలో చెప్పుకున్న మనిషి ఆవిడ. "కలపల్సిన దానివే, తోడబుట్టినదాని ముక్కలో దొంగతనం చేస్తివా? తల్లి కోక దొంగిలిస్తివా?"

"చేసినా."

"లే. బొంత మీదనుంచి లే. ఈ పొద్దుతో నీకు నీ తల్లింటితో పొత్తు లేదు."

పెద్దక్క లేచింది. నడిపక్క గభాలున ఆమె చెయ్యి పట్టుకుని, "కాదత్తా, అది..." అంటుండగానే పెద్దక్క ఆ చెయ్యి విదిలించి ఆమె మీద విరుచుకుపడింది.

"నోరు ముయ్యి మే! వదులు పెట్టి కుట్టింటే నేనెందుకు ఇప్పుతా? కుట్టడం చేతకానిదానివి నువ్వా నాకు చెప్పొచ్చేది? కూసోని తిను!"

నేనూ సగం లేచాను. ఆమె నావైపు చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాను. ఇమామయ్య బావ తల వంచుకుని దగ్గుతూ ఉండిపోయాడు. ఆయనకు అంతా తెలుసు. చుట్టాల్లో ఒకామె, "ఈ చేత్తోనే కదా మన పరుపులు కూడా కుట్టింది" అని పక్కామెతో అంటుంటే నాకు వినబడింది. పెద్దక్కకూ వినబడింది. ఆగలేదు, తిరిగి చూడలేదు, బయటికి వెళ్ళిపోయింది.

అత్త మా ఇద్దరి మధ్య తబుకు పెట్టింది. నడిపక్క నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేక, ఉమ్మలేక కూర్చుంది. "తిను. నువ్వు తినకపోతే అది చేసిందంతా బూడిదలో పోసినట్టే" అని నేను మెల్లగా గదిమాను. కళ్ళనీళ్ళతోనే తినింది.

తర్వాత నేను గిన్నెలో బువ్వ పెట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. పెద్దక్క గోడవారన మండుటెండలో కూర్చుని ఉంది. సూదులు గుచ్చుకున్న వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. గిన్నె పక్కన పెట్టాను. ముట్టలేదు.

"ఏం మనిషివక్కా నువ్వు? అంతమందిలో దొంగ అంటే పడినావే. నీకు కోపం రాలేదా?" అన్నాను. 

"రాక యాడికి పోతాది? శానా వచ్చింది" అంది. ముఖం పైకెత్తలేదు. "ఎవురి మీద పడాల్నో తెలీక ఈడొచ్చి కూసున్యా."